విదేశంలో ఉద్యోగం, పంచుకునే ఇల్లు: తిరుపతి, చిత్తూరు నుంచి వెళ్లేవారు ఏది ఎంచుకోవాలి?

ఉద్యోగం ఖాయమైంది, వీసా వచ్చింది, చెన్నై నుంచి విమానం టికెట్టు కూడా కొన్నారు. ఇక మిగిలింది ఇల్లు. తెలిసినవారి ద్వారా కబుర్లు వస్తూ ఉంటాయి. "మన తెలుగువాళ్లు నలుగురు ఉన్నారు, ఐదో మంచం ఖాళీగా ఉంది" అని ఒకరు చెబుతారు. "ఒక బ్రెజిల్ అబ్బాయి, ఒక పోలండ్ అమ్మాయి, ఒక జర్మన్ ఉన్నారు, నాలుగో గది ఖాళీ అవుతోంది" అని ఇంకొకరు ప్రకటన పంపుతారు. వసతి మేమే ఇస్తామని కంపెనీ అంటుంది. ఏది ఒప్పుకోవాలో తేలక ప్రయాణం దగ్గర పడేదాకా నాన్చేవారు చాలామంది.

తిరుపతిలో చదువుకున్నవారికి గది పంచుకోవడం కొత్త కాదు. బైరాగిపట్టెడలోనో, కొర్లగుంటలోనో, బాలాజీ కాలనీలోనో ముగ్గురు నలుగురు కలిసి హాస్టల్లో ఉన్న అలవాటు ఉంటుంది. కానీ హాస్టల్లో వండిపెట్టేవారు వేరు, ఊడ్చేవారు వేరు. గొడవ వస్తే తీర్చడానికి యజమాని కింది అంతస్తులోనే ఉంటారు. విదేశంలో పంచుకునే ఇంట్లో వంట, ఊడ్పు, తగువు తీర్చడం అన్నీ మీ పనే. ఆ తేడా తెలిసి ఎంచుకుంటే చాలా ఇబ్బందులు ముందే తప్పుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరితో ఉంటున్నారన్నదానికంటే ఏ కాగితం మీద ఉంటున్నారన్నది ముందు చూడాలి. ఆ తర్వాత వంటగది. ఇంట్లో ఉన్నవారిది ఏ దేశం, ఏ భాష అన్నది మూడో మాట. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

మొదట కాగితం

జర్మనీని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ కొత్త ఇంట్లోకి దిగిన రెండు వారాల్లోగా స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలని చట్టం. ఆ నమోదును 'అన్‌మెల్డుంగ్' అంటారు. అందుకు గది ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. నమోదు అయ్యాకే పదకొండు అంకెల పన్ను గుర్తింపు సంఖ్య ఆ చిరునామాకు పోస్టులో వస్తుంది. అది కంపెనీకి చేరకపోతే మొదటి జీతాల్లో పన్ను ఎక్కువ కోత పడుతుంది. నివాస అనుమతి పనులు కూడా ఆ చిరునామాతోనే ముడిపడి ఉంటాయి. అందువల్ల "గది ఉంది కానీ నమోదు మాత్రం కుదరదు" అనే మాట వినబడితే, అద్దె ఎంత తక్కువైనా ఆ గది మీకు పనికిరాదు. మనవాళ్ల ఇళ్లలో ఐదో మంచం, ఆరో మంచం చాలాసార్లు ఇలాంటివే. యజమానికి తెలియకుండా మిమ్మల్ని చేర్చుకున్నవారు ఆ పత్రం మీద సంతకం ఎందుకు పెడతారు?

ఇంగ్లండ్‌లో వేరే కోణం ఉంది. ఒకే కుటుంబానికి చెందని ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది వంటగదినో స్నానాలగదినో పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. 2018 అక్టోబరు నుంచి ఇంటికి ఎన్ని అంతస్తులున్నా ఇదే నియమం. సింగపూర్‌లో ప్రభుత్వ గృహమండలి ఫ్లాట్లలో బంధుత్వం లేనివారు ఆరుగురికి మించి ఉండకూడదు. నాలుగు గదుల ఫ్లాట్లు, అంతకంటే పెద్దవాటిలో మాత్రం 2024 జనవరి 22 నుంచి తాత్కాలికంగా ఎనిమిది మందిని అనుమతిస్తున్నారు. గృహమండలి ఫ్లాట్లన్నిటికీ కనీస అద్దె కాలం ఆరు నెలలు. దుబాయ్‌లో ఇంట్లో ఉంటున్నవారందరి పేర్లూ ప్రభుత్వ యాప్‌లో నమోదు చేయాలని 2022లో ఆదేశించారు.

ఒప్పందాలు మూడు రకాలుగా ఉంటాయి. అందరూ కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం చేయడం మొదటిది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఇలాంటి ఉమ్మడి ఒప్పందంలో ఒకరు అద్దె ఎగ్గొడితే ఆ వాటాను మిగిలినవారి నుంచి అడిగే హక్కు యజమానికి ఉంటుంది. గదికి విడిగా ఒప్పందం రెండోది, కొత్తగా వెళ్లేవారికి ఇదే క్షేమం. మూడోది ఉప అద్దె: ఇల్లు ఒకరి పేరున ఉంటుంది, మీరు వారికి అద్దె కడతారు. ఇందులో యజమాని అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా చూడాలి. అసలు అద్దెదారు ఇల్లు వదిలేస్తే మీ గది కూడా పోయే ప్రమాదం ఉంది.

డిపాజిట్ సంగతి కూడా కాగితంలో భాగమే. జర్మనీలో డిపాజిట్ కరెంటు, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. గది అద్దె 500 యూరోలు అయితే 1,500 యూరోల దాకా చేతిలో పెట్టుకుని వెళ్లాలన్నమాట. ఇంగ్లండ్‌లో చాలా అద్దె ఇళ్లకు ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. నెలకు 650 పౌండ్ల గదికి అది 750 పౌండ్లు. ఆ సొమ్మును 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో జమ చేయాలి. జమ చేసిన వివరాలు మీకు ఇవ్వాలి. ఎవరైనా "నేను వేరే దేశంలో ఉన్నాను, డబ్బు పంపండి, తాళంచెవి కొరియర్లో వస్తుంది" అంటే అది మోసం. ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు.

తర్వాత వంటగది

పంచుకునే ఇంట్లో తగువులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మన వంటకు అక్కడి వంటగదికి పొంతన కుదరదు. చాలా ఫ్లాట్లలో వంటగది హాలుతో కలిసే ఉంటుంది. పొయ్యి మీది ఫ్యాను వాసనను బయటికి తోయకుండా వడకట్టి మళ్లీ గదిలోకే వదిలే రకం కావచ్చు. అలాంటి చోట నూనెలో ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి తాలింపు పెడితే మూడో గదిలో పడుకున్నవారికి కూడా దగ్గు వస్తుంది. హాల్లో పొగగంట మోగితే అర్ధరాత్రి అందరూ మెట్ల మీద నిలబడాలి. కిటికీ పూర్తిగా తెరిచి, గది తలుపు మూసి, మూత పెట్టి తాలింపు వేయడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి.

పసుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తెల్లని గట్టు మీద, చెక్క గరిటె మీద, అందరూ వాడే స్పాంజి మీద పడిన పసుపు మరక పోదు. ఇల్లు ఖాళీ చేసే రోజున అదే డిపాజిట్‌లో కోత అవుతుంది. ఉమ్మడి నాన్‌స్టిక్ పెనాన్ని స్టీలు గరిటెతో గీకితే రెండు రోజుల్లో పైపూత లేస్తుంది. కాబట్టి సొంతంగా ఒక బాణలి, ఒక కత్తి, కూరలు తరిగే పలక, స్పాంజి కొనుక్కుని మీ అరలో పెట్టుకోండి. శాకాహారులకైతే ఇది తప్పనిసరి. పక్కవారు పంది మాంసమో గొడ్డు మాంసమో వండుకుంటారు, అది వారి రోజువారీ తిండి. దాన్ని ఆపమని అడగలేము. నా గిన్నెలు మాత్రం ముట్టుకోవద్దని నెమ్మదిగా అడిగితే నూటికి తొంభై మంది సంతోషంగా ఒప్పుకుంటారు, కారణం కూడా ఆసక్తిగా వింటారు.

ప్రెషర్ కుక్కర్ ఈల మనకు వినబడనే వినబడదు. అది ఎన్నడూ చూడనివారికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. జర్మనీలో సాధారణంగా రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం కూడా మోత పనులు కూడవు. తెల్లవారుజామున షిఫ్టుకు వెళ్లేవారు ముందు రోజు సాయంత్రమే వండుకోవాలి. వారానికి సరిపడా వండి ఫ్రీజర్లో పెడదామంటే మీకు దక్కేది ఒక్క సొరుగు. ఇల్లు చూసేటప్పుడు ఆ సొరుగు తెరిచి చూడండి, గది కొలతలు అడిగినంత శ్రద్ధగా.

మిగిలిన కొలమానాలు

పని వేళలు, భాష, ఖర్చు, ఇల్లు వదిలి బయటపడే వీలు. ఇందులో భాష గురించి ఒక అపోహ ఉంది. వేర్వేరు దేశాలవారితో ఉంటే ఆ దేశ భాష వచ్చేస్తుందని అనుకుంటారు. బ్రెజిల్, పోలండ్, భారతదేశం కలిసి కూర్చున్న చోట మాట్లాడేది ఇంగ్లీషు. జర్మన్ రావాలంటే ఇంట్లో కనీసం ఒక్క జర్మన్ ఉండాలి, అతను మీతో ఇంగ్లీషులోకి మారకుండా ఉండాలి. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం రావాలనుకునేవారికి మాత్రం దేశదేశాల ఇల్లు గొప్ప బడి.

ఖర్చులో అద్దె ఒక్కటే చూడవద్దు. వేడినీళ్లు, హీటరు, ఇంటర్నెట్ కలిపి ఎంతో అడగండి. జర్మనీలో ఇంటికి నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ ప్రసార రుసుము ఉంటుంది. ఎంతమంది ఉన్నా ఇంటికి ఒక్కటే కాబట్టి అది మీ వాటాకు ఎంత వస్తుందో తేల్చుకోవాలి.

మనవాళ్లే ఉన్న ఇల్లు

దిగిన మొదటి వారంలో దీన్ని మించినది లేదు. విమానాశ్రయానికి ఎవరో వస్తారు. సిమ్ కార్డు, బస్సు పాసు, బియ్యం దొరికే దుకాణం అడగక ముందే చెబుతారు. రాగి పిండి ఎక్కడ దొరుకుతుందో కూడా వాళ్లకు తెలుసు. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చే మనిషి పక్కనే ఉంటారు. ఉగాదికి పచ్చడి, బ్రహ్మోత్సవాల వేళ గరుడసేవ ప్రత్యక్ష ప్రసారం ముందు అందరూ కూర్చోవడం, ఇవన్నీ చిన్న విషయాలు కావు.

ఇబ్బందులు నెల తర్వాత మొదలవుతాయి. మాట మీద నడిచే లెక్కలు, ఎవరి పేరున ఇల్లు ఉందో వారి చేతిలో పెత్తనం, జీతం ఎంత అనే ప్రశ్న. అందరూ ఒకే కంపెనీవారైతే ఆఫీసు రాజకీయం రాత్రి భోజనానికి కూడా వస్తుంది. చిన్న మాటపట్టింపు వస్తే అది పీలేరులోనో, శ్రీకాళహస్తిలోనో ఇరుపక్షాల ఇళ్లకు చేరుతుంది. అన్నిటికంటే పెద్దది, ఏడాది గడిచినా ఆ దేశంలో తెలుగువారు తప్ప మరొకరు స్నేహితులుగా లేకపోవడం.

దేశదేశాలవారితో పంచుకునే ఇల్లు

ఇక్కడ మొదటి నెల కష్టం, తర్వాత సుఖం. నియమాలు గోడ మీద రాసి ఉంటాయి: ఈ వారం స్నానాలగది ఎవరు కడగాలి, చెత్త ఎవరు పడేయాలి. జర్మన్ ఇళ్లలో కాగితం, ప్లాస్టిక్, తడిచెత్త, గాజు వేరువేరుగా వేయాలి. తప్పు డబ్బాలో వేస్తే చెబుతారు, మొహం మీదే చెబుతారు. అందులో అవమానం ఏమీ లేదు. మనసులో పెట్టుకుని ముభావంగా ఉండటం కంటే అది మంచి పద్ధతి. మీరు కూడా అలాగే చెప్పడం నేర్చుకోవాలి. "పర్లేదు, పర్లేదు" అంటూ నెట్టుకొచ్చి ఒక రోజు బద్దలవడం మనవాళ్లలో తరచూ చూస్తాను.

ఇంటికి ఫోను విషయంలో జాగ్రత్త కావాలి. తిరుపతిలో ఉదయం ఆరు అయ్యేసరికి జర్మనీలో వేసవి కాలంలో రెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. సన్నని గోడల ఇంట్లో ఆ వేళ అమ్మతో స్పీకర్ పెట్టి మాట్లాడితే పక్కగది మేల్కొంటుంది. సాయంత్రం మీరు ఇంటికి వచ్చే వేళకు తిరుపతిలో రాత్రి భోజనాలు ముగుస్తాయి, ఆ సమయమే ఖాయం చేసుకోండి.

దీపం, అగరుబత్తి వెలిగించుకోవచ్చా అని చేరే ముందే అడగండి. చాలా ఒప్పందాల్లో మంట వెలిగించడంపై షరతు ఉంటుంది, అప్పుడు బ్యాటరీ దీపంతో సరిపెట్టుకోవచ్చు. పార్టీలు, రాత్రి ఉండిపోయే అతిథులు, మద్యం, ఆడామగా ఒకే స్నానాలగది వాడటం: వీటిపై మీ హద్దు ఏమిటో మీకు ముందే తెలిసి ఉండాలి. ఆడవారు మాత్రమే ఉండే ఇళ్లు దాదాపు ప్రతి పెద్ద నగరంలో దొరుకుతాయి, అలా వెతకడంలో సంకోచం అక్కర్లేదు.

యజమాని ఇంట్లో గది, కంపెనీ వసతి, ఒంటరి ఇల్లు

యజమాని కుటుంబంతో పాటు ఉండే గదిలో భాష త్వరగా వస్తుంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది. హక్కులు మాత్రం తక్కువ. ఇంగ్లండ్‌లోనూ ఐర్లండ్‌లోనూ యజమానితో కలిసి ఉండేవారికి మామూలు అద్దెదారుకు ఉన్న చట్టరక్షణ ఉండదు, తక్కువ గడువులో ఖాళీ చేయమనవచ్చు. వంటపై ఆంక్షలు కూడా ఎక్కువ. సింగపూర్‌లో "వంట వద్దు" అనో "తేలికపాటి వంట మాత్రమే" అనో ప్రకటనలోనే రాస్తారు.

ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి కువైట్, దుబాయ్ వెళ్లే కార్మికులకు చాలావరకు కంపెనీ వసతి లేదా అద్దె మంచమే దారి. ఇక్కడ ఇరుగుపొరుగు ఎవరన్నది తర్వాత, ముందు ప్రాణభద్రత చూడాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు మరణించారు. చాలామంది పొగకు ఊపిరాడక పోయారు. అందుకే చేరిన రోజునే బయటి మెట్లు ఎక్కడ, మేడ తలుపు తాళం వేసి ఉందా, గ్యాసు సిలిండర్లు ఎక్కడ పెట్టారు, పలకలతో అడ్డుకట్టి గదులు చేశారా అని చూడాలి. అలా అడ్డుకట్టిన గదుల మీద దుబాయ్ అధికారులు 2025లో గట్టి చర్యలు మొదలుపెట్టారు. అలాంటి చోట చేరితే రాత్రికి రాత్రి రోడ్డు మీద పడే ప్రమాదం ఉంది.

ఒంటరి స్టూడియో గురించి ఒక్క మాట. జీతం దండిగా ఉండి, రాత్రి షిఫ్టులు చేసేవారికి మంచిదే. మొదటిసారి దేశం దాటినవారికి మొదటి చలికాలంలో నేను సిఫారసు చేయను. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఊళ్లో పలకరించే మనిషి లేకపోవడం తేలిక కాదు.

| ఎంపిక | కాగితం | వంట స్వేచ్ఛ | ఖర్చు | భాష | బయటపడటం |
|---|---|---|---|---|---|
| మనవాళ్ల ఇల్లు | తరచూ మాట మీదే | పూర్తిగా | అన్నిటిలో తక్కువ | పెరగదు | మొహమాటం అడ్డు |
| దేశదేశాల ఇల్లు | గదికి విడిగా ఉంటే మేలు | సర్దుబాటుతో | మధ్యస్థం | ఇంగ్లీషు బాగా | గడువు ప్రకారం |
| యజమాని ఇంట్లో గది | రక్షణ తక్కువ | బాగా తక్కువ | మధ్యస్థం | స్థానిక భాష త్వరగా | తేలిక, వాళ్లకూ తేలికే |
| కంపెనీ వసతి | ఉద్యోగంతో ముడి | చోటును బట్టి | తక్కువ లేదా ఉచితం | తోటివారిని బట్టి | ఉద్యోగం మారితే ఇల్లూ పోతుంది |
| ఒంటరి ఇల్లు | మీ పేరునే | పూర్తిగా | అన్నిటిలో ఎక్కువ | మీ ప్రయత్నం | గడువు ప్రకారం |

ఎవరికి ఏది

తిరుపతిలో నర్సింగ్ చదివి జర్మనీ వెళ్లేవారు ఒక స్థానికుడైనా ఉన్న మిశ్రమ ఇంటిని వెతకాలి. అక్కడ నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బీ2 స్థాయి, అంటే తడబడకుండా మాట్లాడగల స్థాయి జర్మన్ అడుగుతారు. పరీక్ష గట్టెక్కినా వార్డులో రోగి గొణిగే మాట అర్థం కావాలంటే ఇంట్లో వినే భాషే ఆధారం. రాత్రి డ్యూటీ ఉంటుందని, పగలు నిద్ర కావాలని మొదటి మాటలోనే చెప్పండి.

ఆరు నెలలో ఏడాదో ప్రాజెక్టు మీద వెళ్లి డబ్బు మిగుల్చుకుని రావాలనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మనవాళ్ల ఇల్లే సరి, యజమానికి మీ పేరు తెలిసి ఉంటే. మూడేళ్లు, ఐదేళ్లు ఉండబోయేవారికి మిశ్రమ ఇల్లు మేలు. భార్యనో భర్తనో తర్వాత పిలిపించుకునేవారు ఆరు నెలల ముందు నుంచే విడి ఇల్లు వెతకాలి, కుటుంబ వీసాకు ఇంటి ఒప్పందం అడిగే దేశాలు ఉన్నాయి. కచ్చితమైన ఆచారం పాటించే శాకాహారికి మిశ్రమ ఇంట్లో రోజూ మనసు కష్టపడుతుంది. ఇద్దరు ముగ్గురు శాకాహారులే కలిసి తీసుకున్న ఇల్లు, వారు గుజరాతీలైనా తమిళులైనా సరే, వారికి నప్పుతుంది.

తేల్చుకోలేకపోతే నా సలహా ఇది. తిరుపతిలో ఉండగానే ఏడాదికి సంతకం చేయవద్దు. మొదటి నెలకు తెలిసినవారి ఇల్లో, కంపెనీ ఇచ్చే తాత్కాలిక గదో చూసుకుని, అక్కడ దిగాక కాళ్లతో తిరిగి ఇల్లు చూడండి. ఆ తాత్కాలిక చోట చిరునామా నమోదు కుదురుతుందో లేదో మాత్రం ముందే అడగాలి. ముందే తేల్చుకోక తప్పదంటే వీడియో కాల్‌లో వంటగది, స్నానాలగది, ఫ్రీజర్ సొరుగు, మీ కిటికీ చూపించమనండి. ఒప్పందం ఎవరి పేరున ఉందో, ఇంతకుముందు ఆ గదిలో ఉన్నవారు ఎందుకు వెళ్లిపోతున్నారో అడగండి. వీలైతే ఆ వెళ్లిపోయే మనిషితోనే ఐదు నిమిషాలు మాట్లాడండి, యజమాని చెప్పని సంగతులు వాళ్లు చెబుతారు.

దిగిన రోజునే, సామాను విప్పకముందే, గోడలు, పరుపు, నేల, పొయ్యి, వంటగట్టు ఫోటోలు తీసి, తేదీతో సహా యజమానికి ఈమెయిల్ పంపండి. ఉన్న మరకలు, పగుళ్లు అందులో ఒక్కొక్కటిగా రాయండి. ఖాళీ చేసేటప్పుడు అవే కోణాల్లో మళ్లీ తీసి, డిపాజిట్ ఏ ఖాతాకు పంపాలో రాసి, తాళాలు అప్పగించినట్టు సంతకం తీసుకోండి.